ఇంట్లోకి తొంగి చూసే ఎల్లేశం

ఎల్లేశం గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి మీద చప్రాసీ. 1965లో బొగ్గు టబ్బు చక్రం ఎడమ పాదం మీది నుంచి పోయింది. ఇక బాయిలోకి దిగి పని చెయ్యలేడని ఆఫీసులో లైట్ డ్యూటీ ఇచ్చారు. ఫైళ్లు మొయ్యాలి, టీ తేవాలి. ఆర్డరులో రాసింది అంతే. రాయని పని ఒకటి నోటిమాటగా అంటగట్టారు. బాయిలో ఎవరైనా చనిపోతే ఇంటికి పోయి ఆ మాట చెప్పడం.

“నీకు అందరి ఇళ్లూ తెలుసు గదా ఎల్లేశం, నువ్వు వెళ్లిరా” అన్నాడు మేనేజరు.

బాయిని నడిపేవాళ్లు స్వయంగా పోయి చెప్పవలసిన మాట అది. ఎల్లేశం ఎదురు చెప్పలేదు. ఎనిమిదేళ్లు చెప్పలేదు.

మొదట్లో ఒక ఇంటి వాకిట్లో నిలబడి ఉన్నమాట చెప్పేశాడు. లోపల ఆమె ఒక్కతే ఉంది. పొయ్యి మీద పడి చెయ్యి కాల్చుకుంది. అప్పటి నుంచి ఎవరింటికి పోయినా ముందు తొంగి చూసేవాడు. పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉందా, పొయ్యి మండుతోందా, ఒళ్లో పసిపిల్ల ఉందా? చూసి చూసి అది అలవాటైంది. ఊరికే కార్మికుల క్వార్టర్ల లైనులో నడిచినా చూపు ప్రతి ఇంట్లోకీ పోయేది. “మీ ఆయన ఇయ్యాల ఏ షిఫ్టు?” అని అడిగేవాడు. ఇవాళ ఆ ఇంటికి పోవలసిరాదులే అన్న ధైర్యం కోసం.

ఆడవాళ్లకు ఇదంతా ఎలా ఉంటుందో మీరే చెప్పండి. నవ్వని మగవాడు కాలీడ్చుకుంటూ వస్తాడు, ఇంట్లోకి చూస్తాడు, మొగుడు ఎప్పుడు ఇంట ఉండడో అడుగుతాడు. కొంగులు సర్దుకున్నారు, తలుపులు వేశారు. వాళ్లది తప్పని అనలేను. తాగి అరిచేవాడు ఎదురైతే భయపడతాం, పక్కకు తప్పుకుంటాం, అక్కడితో సరి. ఎల్లేశం మాత్రం ఏం మోసుకొస్తున్నాడో తెలిసేది కాదు. చావు కబురా, ఊరికే నడకా? ఆ తెలియకపోవడమే ఒళ్లు జలదరింపజేసేది. చివరికి ఆయన భార్య సమ్మవ్వను కూడా నల్లా దగ్గర పలకరించడం మానేశారు.

సైకిల్ షాపు సాబిర్ ఉపాయం చెప్పాడు.

“ఫికర్ జెయ్యకు అన్నా. చేతిల సంచి పట్టుకొని తిరుగు. బజారుకు పోయొస్తున్నవని దూరం నుంచే ఎరుకైతది.”

కబురు మోసే రోజు ఖాళీ చేతులు, మిగతా రోజులు కూరగాయల సంచి. నెల తిరిగేసరికి సంచిని చూసి లైను ఊపిరి పీల్చుకోవడం నేర్చింది. ఎదురింటి సారవ్వ అయితే వేళాకోళానికే దిగింది.

“ఏం బావా, సంచిల వంకాయలేనా? మా ఆయన పానం గిట్ల మూటగట్టి తెస్తలేవు గద?”

“వంకాయలే సారవ్వా” అని నవ్వాడు ఎల్లేశం. ఆయన నవ్వుతాడని లైనుకు అప్పుడే తెలిసింది.

పోయిన ఏడాది వానాకాలంలో ఒకరోజు మొదటి షిఫ్టులో కప్పు కూలి సారవ్వ మొగుడు రాజం చనిపోయాడు. ఆ రోజు ఎల్లేశానికి సెలవు. బజారు నుంచి వస్తుంటే ఆఫీసు జీపు పక్కన ఆగింది. లోపలున్న అధికారి రాజం పేరు చెప్పి, “ఇంట్లో చెప్పు” అన్నాడు. జీపు లైను ముందు నుంచే దవాఖాన వైపు వెళ్లిపోయింది. తన చేతిలో సంచి ఉందన్న సంగతే ఎల్లేశం మరిచిపోయాడు.

సారవ్వ నల్లా దగ్గర బిందె నింపుకొని ఎత్తుతోంది.

“అగో, బావ వచ్చిండు! ఇయ్యాల బెండకాయలా?” అంటూ బిందె చంకన పెట్టుకొని సంచిలో చెయ్యి పెట్టింది. ఒక కాయ తీసి కొస విరవబోయింది. “గిది ముదిరింది. నిన్ను మంచిగ మోసం జేసిండ్రు పో!”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.  ఎల్లేశం ఆ నవ్వులు ఆగేదాకా నిలబడి, “బిందె దించు సారవ్వా” అన్నాడు.

మూడో రోజుకల్లా లైనంతా ఒకటే మాట. తెలిసి కూడా నవ్వనిచ్చాడు, సంచి చూపి మోసం చేశాడు. ఎల్లేశంతో క్వార్టరు ఖాళీ చేయించాలని కాగితం రాసి, ముప్ఫై వేలిముద్రలు వేసి, యూనియన్ ఆఫీసుకు తెచ్చారు. అది నెగ్గితే పన్నెండేళ్లుగా ఉన్న ఇల్లు పోతుంది, పలకరించే నలుగురు మనుషులూ దూరమవుతారు.

“పొమ్మంటె పోత” అన్నాడు ఎల్లేశం.

దినాలు అయ్యాక యూనియన్ వాళ్లు సారవ్వను పిలిచి అడిగారు.

“ఈయన మొకం సూస్తె ఇప్పటికి నేను తలుపేసుకుంట. అబద్ధమెందుకాడాలె? కని ఆ జీపు మా లైను ముంగట్నుంచే పాయె. నల్లాకాడి నుంచి నేనే సూసిన. రెండు నిమిషాలు ఆగరాదా? కాలు సక్కగ లేనాయనను తోలి ఆళ్లెటు పోయిండ్రు? అడుగుతె ఆళ్లను అడుగుండ్రి.”

పాత కాగితం చింపారు. కొత్త కాగితం మీద మొదటి వేలిముద్ర సారవ్వది. బాయిలో ప్రాణం పోతే మేనేజరే ఆ ఇంటికి రావాలి, వెంట దవాఖాన నర్సును తేవాలి, ఎల్లేశానికి ఆర్డరులో ఉన్న పనే చెప్పాలి. ఇదీ కోరిక. ఏడు నెలలైంది. కంపెనీ నుంచి జవాబు లేదు. ఈలోగా ఎల్లేశం ఇంకో రెండు ఇళ్లకు పోయి వచ్చాడు.

ఇది చదివే కార్మికులారా, మీ బాయి మీద కూడా ఇలాంటి మనిషి ఉండే ఉంటాడు. ఆయనను చూసి మీరూ తలుపు వేసుకునే ఉంటారు. ఈ వారమే మీ యూనియన్‌లో ఇదే కోరిక పెట్టండి, సంతకాలు చేయించండి. ఒక్క బాయి అడిగితే కాగితం ఫైలులో పడి ఉంటుంది. పది బాయిలు అడిగితే ఉండదు. అప్పటిదాకా ఆయన మీ లైనులోకి వస్తే, “ఎటు పోతున్నవన్నా?” అని ముందు మీరే అడగండి.