‘అలాగేనండి’కి గడి లేదు

మా వైపు మనుషులు ఎవరికీ ‘రాను’ అని చెప్పరు. పెళ్ళికి పిలిచినా, మీటింగుకి రమ్మన్నా, ఏలూరు నుంచి పనిగట్టుకుని వెళ్ళి చేతిలో శుభలేఖ పెట్టినా ఒకటే మాట: ‘అలాగేనండి’. వస్తామన్నా అదే, రామన్నా అదే, మీరు చెప్పింది వినబడింది అన్నా అదే. బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ మాట మధ్యే బతికాను కాబట్టి దాంతో నాకు పేచీ ఏమీ ఉండేది కాదు, దాన్ని కంప్యూటర్‌కి ఎక్కించాల్సి వచ్చేదాకా.

అప్పట్లో తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. రోజూ ఏలూరు నుంచి పాసింజర్ రైల్లో వెళ్ళిరావడం. ఆ ఏడాది మా ప్రిన్సిపాల్ గారికి ఒక ఆలోచన వచ్చింది. చుట్టుపక్కల బడుల నుంచి తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని ఒక శనివారం పిలిచి ల్యాబులు చూపించాలి, వాళ్ళ చేత్తో నాలుగు ప్రయోగాలు చేయించాలి. మంచి ఆలోచనే. అక్కడితో ఆగితే బాగుండేది.

"బడులన్నీ మన వెబ్‌సైట్లోనే నమోదు చేసుకోవాలి మేడం. ఉత్తరాలూ ఫోన్లూ పాత పద్ధతి," అన్నారు. ఆ వెబ్‌సైట్ తయారుచేసే పని నా నెత్తిన పడింది.

రైల్లో కూర్చుని కాగితం మీద గడులు గీసుకునేదాన్ని. బడి పేరు, ఊరు, పిల్లలెందరు, వెంట వచ్చే టీచరెవరు. చివరి గడి: వస్తారా? అవును, కాదు. ల్యాబుల్లో పట్టేంతమందికి ‘అవును’ రాగానే, తర్వాత వచ్చినవాళ్ళకి సీట్లు లేవని పేజీయే చెప్పేస్తుంది. వాళ్ళు వెయిటింగ్‌లో ఉంటారు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది.

తీరా చూస్తే చాలా బడుల్లో ఇంటర్నెట్ మాట అటుంచి కంప్యూటరే లేదు. ఉన్నచోట కరెంటు లేదు. వాళ్ళ తరఫున మేమే ఫోన్లు చేసి నింపాలని ప్రిన్సిపాల్ గారు తేల్చారు. పాత పద్ధతే దిక్కయింది. ముందు అత్తిలి హెడ్మాస్టారికి చేశాను.

"శనివారం మీ పిల్లల్ని తీసుకొస్తారాండీ?"

"అలాగేనండి."

"అంటే, వస్తున్నట్టేనాండీ?"

"అయ్యో, మీరు ఇంతలా అడగాలాండీ? అలాగేనండి."

ఆ తర్వాత చేసిన ప్రతి ఫోనూ ఇంతే. ఇంకోసారి గుచ్చి అడిగితే అవతలివాళ్ళు నొచ్చుకుంటున్నారు. అడగకపోతే నాకు ఒళ్ళు మండుతోంది. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి మూడో గడి ఒకటి పెడతానన్నాను.

"ఏమని పెడతారు మేడం?"

"అలాగేనండి అని."

ఆయన పకపకా నవ్వారు. "అలాగేనండి అంటే వస్తామనే కదా. అవును కొట్టెయ్యండి."

ఆయనా మా వైపు మనిషే. మా చెల్లెలి పెళ్ళికి పిలిస్తే అలాగేనండి అని, రాని మనిషి. ఆ సంగతి నోటిదాకా వచ్చింది కానీ మింగేశాను. అన్నీ ‘అవును’లే కొట్టాను. పేజీ నిండిపోయింది. గదిలోకి ఎవరొచ్చినా ఆయన ఆ తెర చూపించి మురిసిపోయేవారు.

సోమవారం నాకు ఒక ఫోన్ వచ్చింది. కొల్లేటి లంకలో ఒక బడి సైన్సు టీచరు. ముందురోజు చర్చి అయ్యాక ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని బస్సులో ఆకివీడు వెళ్ళి, నెట్ సెంటర్లో మా పేజీ తెరిచారట. తమంతట తాము ఆ పేజీ తెరిచిన బడి అదొక్కటే.

"సీట్లు లేవని వస్తోందండి. నిజమేనాండీ?"

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేశాక ఆ ఊళ్ళో పనుల్లేవు. ఇంటిల్లిపాదీ చెరువుల పనికి కలిదిండి వైపు వెళ్ళిపోతున్నారు. తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని కూడా తీసుకుపోతామన్న తల్లుల్ని, ఈ శనివారం దాకా ఆగమని ఆవిడ బతిమాలి ఒప్పించారు.

"ఒక్కసారి కాలేజీ లోపలికొచ్చి చూశారంటే, ‘మేం చదువు మానం’ అని ఆ పిల్లలే పేచీ పెడతారండి. అదే నా ఆశండి," అన్నారు.

ఖాళీ అవగానే చెబుతానన్నాను. ఫోన్ పెట్టేశాక కుర్చీలో కూర్చోలేకపోయాను. ఖాళీలున్నాయని నాకు తెలుసు. అవి ఎవరి ‘అలాగేనండి’ వెనక ఉన్నాయో తెలియదు. సాయంత్రం రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను. ఎవరి మీద కోపమో కూడా తెలియని కోపం.

మర్నాడు కూడా అదే అవస్థ. రాత్రి నేను అన్నం కెలుకుతుంటే అమ్మ ఫోన్లో మాట్లాడుతోంది. ద్వారకా తిరుమలలో పెళ్ళికి ఎవరో పిలుస్తున్నారు. "అలాగేనండి వదినగారూ, అలాగేనండి," అని పెట్టేసింది.

"వెళ్తున్నావా?" అన్నాను.

"ఎక్కడ కుదురుతుందే!"

"మరి వస్తానన్నావుగా?"

"వస్తానని ఎప్పుడన్నాను? వచ్చేదాన్నయితే ఏ బస్సుకి బయల్దేరమంటారని అడగనూ?"

అన్నం వదిలేసి లేచాను. పొద్దున్నే ఎవర్నీ అడగకుండా చివరి గడి పీకేసి కొత్తది పెట్టాను: ఏ బండిలో వస్తున్నారు? మళ్ళీ అత్తిలి నుంచే మొదలుపెట్టాను.

"శనివారం ఏ బండిలో వస్తున్నారండీ?"

"బండి అంటే... బండేమీ అనుకోలేదండి," అన్నారు హెడ్మాస్టారు.

బండి అడిగితే అలాగేనండి అనడం కుదరదు. మధ్యాహ్నానికి సగం పేజీ ఖాళీ అయింది. ప్రిన్సిపాల్ గారు పరుగున వచ్చారు.

"నిండినదాన్ని ఖాళీ చేశారేంటి మేడం?"

"ఖాళీగా ఉన్నదాన్నే ఖాళీగా చూపిస్తున్నానండీ," అన్నాను. అంత గట్టిగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన ముందే లంక టీచరుకి ఫోన్ కలిపాను. సంతోషంతో నా మాటలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. "సీట్లున్నాయండీ! మీ పిల్లలందరికీ ఉన్నాయి. ఏ బండిలో వస్తున్నారు?"

"రాలేమండి," అన్నారావిడ.

అన్ని ఫోన్లలో రామని నాకు సూటిగా చెప్పిన మొదటి మనిషి ఆవిడే.

"ఆ రోజు నా వెంట వచ్చిన పిల్లలిద్దరూ ఆ పేజీ చూశారు కదండీ. ఇంటికెళ్ళి చెప్పేశారు, కాలేజీలో మనకి చోటు లేదంట అని. ఇంక ఎందుకు ఆగుతారండీ. ఆడపిల్లలంతా నిన్ననే తల్లులతో కలిదిండి వెళ్ళిపోయారు."

"చోటు ఉందండీ!" అని అరిచాను. ఏడుపు వచ్చేసింది. ప్రిన్సిపాల్ గారు కిటికీ వైపు తిరిగారు.

"మీరేం చేస్తార్లెండి," అన్నారావిడ. "ఒక్క సాయం చెయ్యండి. సీట్లు లేవని చెప్పే ఆ ముక్క ఆ పేజీలోంచి తీసెయ్యండి. ఇంకే పిల్లా చూడకూడదండి."

ఎలా తీస్తానో, ఈయన తియ్యనిస్తారో లేదో నాకే తెలియదు. నోటికి ఒక్క మాటే వచ్చింది.

"అలాగేనండి," అన్నాను.

"అంటే, తీసేస్తున్నట్టేనాండీ?" అని అడిగారావిడ.