పనిలోంచి తీసేసిన మేస్త్రి

నేను తాపీమేస్త్రిని. మోకాళ్ళు మొరాయించి ఇంటిపట్టున కూర్చున్నాక కూడా నా నోటికి విశ్రాంతి లేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడల వంక చూస్తాను, మనుషుల్ని తర్వాత పలకరిస్తాను. కొత్తిల్లు కట్టుకున్నవాళ్ళు నన్ను దూరం నుంచి చూస్తేనే తలుపు దగ్గరికి వేసేస్తారు.

మా అమ్మాయి ఆఫీసుకి వెళ్తూ అయిదేళ్ళ కూతుర్ని మా ఇంట్లో దింపుతుంది. పిల్ల వెంట దాని చెక్క ఇటుకల బుట్ట కూడా వస్తుంది. మొదట్లో గుమ్మంలోనే "తాతయ్యా, ఇల్లు కడదాం రా!" అని కేకేసేది. నేను పొద్దున్నే లేచి ఎదురుచూసేది ఆ పిలుపు కోసమే. దాన్ని చేజేతులా పోగొట్టుకున్నాను.

ఒకరోజు అది ఇటుక మీద సరిగ్గా ఇటుక పేర్చుకుంటూ పోతోంది. కింది అతుకు మీదే పై అతుకు వస్తే గోడ నిలుస్తుందా! నా ప్రాణం విలవిల్లాడింది. పనిలో ఉన్నప్పుడు అలాంటి గోడని కాలితో తోసేసేవాణ్ణి. ఇక్కడ మర్యాదగా చేత్తో తోశాను. "ఇప్పుడు చూడు" అంటూ నేనే మొత్తం కట్టాను. బ్రహ్మాండంగా వచ్చింది. మెచ్చుకుంటుందని తలెత్తితే ఇంటి ఓనరు లేదు.

మర్నాటి నుంచి బుట్ట వంటగదిలోకి వెళ్ళిపోయింది. మా ఆవిడకి ఇటుక ఎటు పెట్టాలో కూడా తెలియదు. ఇద్దరూ కట్టడం, అది కూలడం, పకపకా నవ్వుకోవడం. ముందుగదిలో పేపరు తిరగేస్తూ నేను కుళ్ళిపోయాను. మనవరాలి కోసం భార్యని చూసి అసూయపడ్డ మొగుణ్ణి నేనొక్కణ్ణేనేమో.

"అయిదేళ్ళ పిల్ల దగ్గర మేస్త్రీగిరీ ఏంటండీ? వచ్చి కూర్చోండి. నోరు మాత్రం ఎత్తకండి" అంది మా ఆవిడ.

వంటగది గుమ్మంలో నిలబడి, "నాకేమైనా పనుందామ్మా?" అని అడిగాను.

పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "ఇటుకలు అందించు. కట్టేది నేనే."

కూలీగా చేరాను. గోడ కూలింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ కూలింది. నాలుక చివరిదాకా వచ్చిన సలహాని మింగుతుంటే గొంతులో ఇసుక పోసినట్టుంది. పిల్ల కాసేపు అలాగే చూసి, రెండు ఇటుకల అతుకు మీద మూడోదాన్ని అడ్డంగా పెట్టింది. గోడ నిలబడింది. నేను మా గురువు చేత తిట్లు తిని నేర్చుకున్న సంగతి దానికి కూలిన ఇటుకలే నేర్పాయి.

సాయంత్రం వాళ్ళమ్మతో వెళ్తూ, చెప్పులు తొడుక్కుని వెనక్కి తిరిగింది.

"తాతయ్యా, రేపు కూడా పనికి రా."

"అలాగే మేస్త్రీ" అన్నాను.