పక్క టార్గెట్‌లో పది

తుపాకీ ముట్టుకోకుండానే గురి తప్పిన మనిషిని ఎక్కడైనా చూశారా? నన్ను చూడండి. నా చిన్నతనంలో, అంటే అరవై ఏడో ఏట, జరిగిన ఘోరం ఇది.

వైట్‌ఫీల్డ్ అవతల మూడొందల మీటర్ల రైఫిల్ పోటీ. క్లబ్బు జట్టులో మిగిలింది ఒకే చోటు. దానికోసం నా మనవరాలు హర్షిత, కుడిపక్కన చిక్కపేట చీరల వ్యాపారి మునిరాజు. అతని చివరి తూటాకు పదికి ఏడే వచ్చింది. హర్షితకు ఒక్కటే మిగిలింది. ఆరు వచ్చినా చోటు మాదే.

ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పినదాన్ని, ఊరుకుంటానా? నక్షత్రాలు చూసే టెలిస్కోపు మోసుకుపోయాను.

"ఏం పెద్దమ్మా, పట్టపగలు చంద్రుణ్ణి వెతుకుతా ఉండారా?" అన్నాడు మునిరాజు.

"గాలినప్పా! తూటా అక్కడికి చేరేలోగా గాలి దాన్ని మీటరు పక్కకు నెడుతుంది. హర్షితా, జెండా ఎడమకు ఎగురుతోంది. మీటరు కుడికి గురిపెట్టు."

"నాకు కుడికి ఎగిరినట్టుండాదే అవ్వా!"

"నీ వట్టి కన్ను గొప్పదా, నా టెలిస్కోపు గొప్పదా?"

"దాంట్లో అంతా తలకిందులుగా కనిపిస్తాదంటివే?"

"తలకిందుల్ని మనసులోనే సరిచేసుకున్నానులే. కాల్చు!"

కాల్చింది. మా టార్గెట్ కడిగిన పళ్ళెంలా ఉంది. మునిరాజు టార్గెట్ నట్టనడుమ మాత్రం, పేరంటానికి పిలిచి బొట్టు పెట్టినట్టు, కొత్త చిల్లు. పది!

ఆ టెలిస్కోపు పైది కిందికే కాదండీ, కుడిని ఎడమకూ తిప్పుతుంది. ఏటేటా బోర్డు మీద నేనే గీసిన బొమ్మ! గాలి కుడికి ఒక మీటరు తోసింది, నేను కుడికి ఇంకో మీటరు తోశాను. టార్గెట్ల మధ్య దూరం రెండు మీటర్లు. కూడికలో తప్పు లేదని గమనించ ప్రార్థన.

లెక్క చూసేవాళ్ళు టార్గెట్ల దగ్గరికి వెళ్ళేది అందరూ కాల్చాకే. ఒకే టార్గెట్‌లో ఏది ఎవరిదో తేలని రెండు చిల్లులుంటే, ఎక్కువది ఆ టార్గెట్ వాడికేనట. మునిరాజు ఏడు పదయింది, మా పిల్లకు సున్నా. చదవేస్తే ఉన్న మతి పోతుందంటారు. నేను చదివించినదాన్ని కదా, పక్కవాళ్ళ మతి కూడా పోగొట్టాను.

మరుసటి ఏడు పోటీకి ముందు మునిరాజు పట్టుచీరతో ఇంటికొచ్చాడు. "పెద్దమ్మా, ఈసారి కూడా మీరు తప్పకుండా రావల్ల!"

చీర తీసుకున్నాను. రానన్నాను. ఆ చీర మీద ఒట్టు: ఇకమీదట దాన్ని మిద్దె మీద ఆరేస్తే ఎటు ఎగురుతోందో చెప్పాల్సివచ్చినా, ముందు హర్షితనే అడుగుతాను.