మా బ్యాండు పెరిగిన వైనం

ఇవాళ పొద్దున పేపర్లో ఒక ఫొటో చూశాను. ఎక్కడో పరాయి దేశంలో, నాకంటే నాలుగేళ్ళు పెద్దవాళ్ళే అయివుంటారు, ముడతలు పడ్డ మొహాలతో, బిగుతు ప్యాంట్లతో, మెడలో గిటార్లు వేలాడేసుకుని నిలబడి, ఇదే మా ఆఖరి యాత్ర అని ప్రకటించారట. పోయినసారీ ఇదే మాట అన్నారనీ, అంతకు ముందుసారీ అన్నారనీ కింద చిన్నక్షరాల్లో వేశారు. మా ఆవిడ నా భుజం మీదుగా తొంగిచూసి, "ఆఖరి ముద్ద, ఆఖరి ముద్ద అనుకుంట కుండ ఖాళీ చేసే పిలగాండ్లున్నట్టున్నరు గీళ్ళు," అని వంటింట్లోకి పోయింది.

నాకు నవ్వు రాలేదు. ముసలి బ్యాండు మానాలా సాగాలా అనే చర్చలో, నా వయసు పాఠకులారా, నేను ఒక పక్షాన నిలబడి వాదించినవాణ్ణి. గెలిచినవాణ్ణి కూడా. గెలిచానన్న సంగతి మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను కోస్తాలో ఒక చిన్న పట్నం నుంచి సర్కారు ఉద్యోగానికి ఈ నగరం వచ్చి లాల్‌దర్వాజాలో గది అద్దెకు తీసుకున్నవాణ్ణి. అప్పటికే నాకు రెండు పిచ్చులుండేవి. ఒకటి గిటారు. రెండోది హేతువాదం. మా ఊళ్ళో సంస్కరణ సభల్లో, ముహూర్తాల మీదా జాతకాల మీదా గంటలకొద్దీ వాదించి పెద్దల చేత చీవాట్లు తిన్న నాకు అన్నిటికంటే ఒళ్ళు మండే విషయం ఒకటుంది. ఇంట్లో బియ్యం అయిపోతే మా అమ్మ అయిపోయాయని అనేది కాదు, నిండుకున్నాయనేది. దీపం ఆరిందనేది కాదు, కొండెక్కిందనేది. ఖాళీని ఖాళీ అనలేని జాతి ఖాళీ కడుపును మాత్రం ఏం నింపుతుందని నేనొక సభలో గర్జిస్తే చప్పట్లు కొట్టారు, ఆ రాత్రి అమ్మ అన్నం కూడా పెట్టింది.

లాల్‌దర్వాజాలో మా పక్కింటి కుర్రవాడు గిటారు వాయించేవాడు. వాళ్ళ చెల్లెల్ని నేను ముహూర్తం లేకుండా రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాక అతను మా బావ అయ్యాడు. కాపురం పెట్టిన కొత్తలోనే మా ఆవిడకు నేనొక నియమం పెట్టాను: ఈ ఇంట్లో ఏదీ నిండుకోకూడదు, అయిపోవాలి. ఆమె సరేనంది. పాటించిందని మాత్రం చెప్పలేను.

బావ గొంతూ గిటారూ, బేగంబజార్ గిన్నెల దుకాణం సేటు డ్రమ్సూ, బహదూర్‌పురా భాయ్ బేస్ గిటారూ, వెనకాల తాళం పట్టే నా రిదమ్ గిటారూ కలిసి మా రాక్ బ్యాండు. పాతబస్తీలో బ్యాండంటే పెళ్ళి ఊరేగింపు బాజాయే కాబట్టి మొదట్లో మమ్మల్ని బరాత్‌లకు పిలిచేవాళ్ళు. ఒకసారి పెళ్ళికొడుకు గుర్రం ముందు నడుస్తూ వాయించమంటే, సేటును డ్రమ్సుతో సహా తోపుడు బండి మీద కూర్చోబెట్టి తోసుకుంటూ పోయాం. వాయించినంతసేపూ గుర్రం వెనక్కే నడిచింది. మా అభ్యాసం సేటు దుకాణం పై అంతస్తులో, అంతెత్తున పేర్చిన స్టీలు గిన్నెల మధ్య జరిగేది. భాయ్ బేస్ తీగ మీటితే పళ్ళాలన్నీ గలగలా వంత పాడేవి. అవి లేని చోట మా సంగీతం చప్పగా ఉంటుందని కొందరు రసికులు అనేవారు.

మాకు పేరు తెచ్చింది మాత్రం నల్లా పాట. తెల్లవారకముందే బిందెలతో నల్లా దగ్గర నిలబడే రోజులవి. చరణమంతా బిందెలూ, వరసా, లొల్లీ, చివర బావ కళ్ళు మూసుకుని, మెడ నరాలు ఉబ్బించి, "రాలే..." అని పైస్థాయిలో ఒక అరుపు అరిచేవాడు. నీళ్ళు రాలేదన్న ఆ ఒక్క మాటకు లాల్‌దర్వాజా మొత్తం లేచి నిలబడేది. ప్రతి ఏడూ బోనాల పండక్కి గల్లీ మొగదల స్టేజీ మీద ఆ పాట ఉండాల్సిందే. హేతువాదివి, అమ్మవారి పండగలో నీకేం పనని మిత్రులు దెప్పితే, నేను వాయించేది అమ్మవారికి కాదు, అమ్మవారిని చూడవచ్చిన జనానికి అని చెప్పుకునేవాణ్ణి. అది బలహీనమైన వాదమని నాకూ తెలుసు.

ఏళ్ళు గడిచాయి. నల్లాలు ఇళ్ళల్లోకి వచ్చాయి. బావ అరుపు మాత్రం రావడం మానేసింది. ఒక బోనాలకు "రా" దగ్గర మొదలై "లే" దగ్గర దగ్గుగా మారింది, ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. బావ పైకి నవ్వాడు గాని, ఆ రోజు ఇంటికొచ్చి గిటారును గోడ వైపు తిప్పి పెట్టాడు. ఎవరెంత హేళన చేసినా చలించని నాకు ఆ ఒక్క నవ్వు ముల్లులా దిగింది. ఇంకోసారి అతన్ని అలా నిలబెట్టకూడదనుకున్నాను.

అందుకే గిన్నెల మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం సమావేశం పెట్టించి, నిలబడి మరీ ఉపన్యసించాను. వేళ్ళు మొద్దుబారాక, గొంతు పూడుకుపోయాక, అభిమానాన్ని ఆసరా చేసుకుని స్టేజీ మీద వేలాడటం కూడా ఒక మూఢనమ్మకమేననీ, గౌరవంగా దిగిపోవడమే వివేకమనీ ఆవేశంగా చెప్పాను. వెనకటికి తాను ఇంట్లో బేస్ వాయిస్తే పక్కనే ఉన్న జూపార్కు సింహాలు గర్జించి జవాబు చెప్పేవనీ, ఈ మధ్య చెప్పడం లేదనీ భాయ్ దిగులుగా ఒప్పుకున్నాడు. బావ నేల చూపులు చూస్తున్నాడు. సేటు ఒక మూతను తుడిచి, నా వైపు తిరిగి, "సహీ బోల్‌రే భాయ్. ఈ బోనాలకు బఢా దేంగే," అన్నాడు. భాయ్ తలూపాడు. బావ, "గంతే మరి," అన్నాడు.

నేను కుప్పకూలాను. బఢానా అంటే పెంచడం, పొడిగించడం. నా ఉర్దూ ఆఫీసులో పట్టుబడ్డ ఉర్దూ, దానికి అంతకంటే అర్థం తెలియదు. ఇంత ఉపన్యాసం విని, సరిగ్గా చెప్పావని మెచ్చుకుని మరీ, పొడిగిద్దాం అంటారా? ఇంటికొచ్చి, మీ అన్న ఒప్పుకోలేదు, బ్యాండు ఇంకా సాగుతుందట అని మా ఆవిడతో అన్నాను. సేటు అన్న మాట చెప్పివుంటే ఆమె అప్పుడే నవ్వేది. నేను మాట చెప్పలేదు, దాని అనువాదం చెప్పాను. "అన్న గట్లన్నడా?" అని ఆశ్చర్యపోయి ఊరుకుంది.

వారం రోజులు అలిగాను. తర్వాత, నిజం చెప్పాలంటే, అలక కింద నుంచి ఏదో సంతోషం మెల్లగా తలెత్తింది. ఓడిపోవడం ఇంత హాయిగా ఉంటుందని ఏ చర్చావేదికా నాకు నేర్పలేదు. గిటారుకు కొత్త తీగలు వేయించాను. నల్లా పాటకు ట్యాంకర్ల మీద కొత్త చరణం రాశాను. అటువైపు మిగతా ముగ్గురి నడవడి నాకు కాస్త వింతగానే ఉండేది. భాయ్ అభ్యాసానికి అత్తరు పూసుకుని వచ్చేవాడు. సేటు వాయించడం అయ్యాక డ్రమ్ములను ఒక్కొక్కటే గుడ్డతో తుడిచేవాడు. పండగ ఉత్సాహం అనుకున్నాను. వచ్చే ఏడు పాట స్థాయి తగ్గించుకుందాం బావా అంటే, బావ నా వంక చూసి, "నీకు మస్తు ఆశ ఉన్నది బావా," అన్నాడు. ప్రశంస అనుకున్నాను.

బోనాల సాయంత్రం వచ్చింది. జనం ఎప్పటికంటే ఎక్కువ. చివరగా నల్లా పాట. బావ కళ్ళు మూసుకున్నాడు, మెడ నరాలు ఉబ్బించాడు, నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఆ ఖాళీలోకి, ముందు ఆడవాళ్ళ వరస నుంచి మా ఆవిడ గొంతు, దాని వెనక గల్లీ గల్లీ, "రాలే..." అని అరిచింది. ఎవరూ కిసుక్కుమనలేదు. బావ మైకు జనం వైపు తిప్పి పట్టుకుని పకపకా నవ్వాడు.

అప్పుడు సేటు లేచి మైకు దగ్గరికొచ్చి, "ఆజ్ బఢా రహే భాయ్, దువావోఁ మే యాద్ రఖో," అని, దీవెనల్లో తలచుకోమంటూ దణ్ణం పెట్టాడు. బేగంబజార్ నుంచి వచ్చినవాళ్ళు లేచి నిలబడ్డారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. పొడిగించినందుకు ఇంత ఆనందబాష్పాలా అని నేను పొంగిపోయి, మైకు లాక్కుని, తెలుగులో, వచ్చే ఏడు మళ్ళీ ఇక్కడే కలుద్దాం అని ప్రకటించాను.

కళ్ళు తుడుచుకుంటున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆవిడ నుదురు కొట్టుకుంది.

భాయ్ నా చెవి దగ్గరికి వంగి, "దుకాన్ బంద్ కర్‌నా నై బోల్తే మియా. బఢానా బోల్తే," అన్నాడు. కొట్టు కట్టేయడాన్ని మూయడం అనరట, పెంచడం అంటారట.

నేను బావ వైపు తిరిగాను. "నువ్వే గద బావా మూయమన్నవ్," అన్నాడు చాలా మెత్తగా. "మూసినం."

జీవితంలో నేను గెలిచిన అతి పెద్ద చర్చ అది. నడిచి ఇంటికి వస్తూ మా ఆవిడ నవ్వీ నవ్వీ, "పుస్తెలతాడు తెగితే పెరిగింది అంటం, గాజు పగిలితే పెరిగింది అంటం. గా ముచ్చట మీ దిక్కు లేదా?" అని అడిగింది. ఉంది. మా దిక్కున ఆ మాటనే నేను వేదికలెక్కి తిట్టాను.

బావ ఇప్పుడు హాయిగా ఉన్నాడు, సాయంత్రాలు మా అరుగు మీద గొంతు ఎత్తకుండా పాడుకుంటాడు. సేటు పై అంతస్తులో పళ్ళాలు ఎవరూ కదపక నిశ్శబ్దంగా ఉన్నాయి. దిగిపోవడమే సరైందని నేను ఇప్పటికీ వాదిస్తాను. సాగినవాళ్ళను చూస్తే అసూయగా ఉంటుందన్నది వేరే సంగతి. కాలం మాత్రం నా పక్షానికే వచ్చేసింది. ఇప్పుడు ఏ దుకాణం మూతపడ్డా ఫోన్లో మ్యాపు మొహమాటం లేకుండా, శాశ్వతంగా మూసివేయబడింది అని రాసేస్తుంది. నేను కోరుకున్న సూటి మాట అదే. చదివితే ఒళ్ళు ఝల్లుమంటుంది.

మొన్న గల్లీలో కొత్తగా అద్దెకొచ్చినాయన గుమ్మం ముందు ఆపి, మీ బ్యాండు బందయిందట గదా అంకుల్ అని అడిగాడు. అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. నాలుక తిరగలేదు.

"నిండుకుంది," అన్నాను.

లోపల బియ్యం డబ్బా మూత పెడుతున్న చప్పుడు ఆగింది. "అయిపోయింది అనాలె గద, ఈ ఇంట్ల," అంది మా ఆవిడ. నేను విననట్టు కొళాయి తిప్పి, కాళ్ళు కడుక్కున్నాను.