పెళ్ళికూతురి తరఫు

సౌదీలోని రాస్ తనూరా రిఫైనరీలో స్కఫోల్డింగ్ కట్టే నబీ రసూల్‌కు లోకంలోకెల్లా కలిగిన అల్లుడున్నాడు. అయినా ఆయన ఎండలో ఇనప గొట్టాలు బిగించుకునే బతుకుతున్నాడు. కారణం అడిగితే, "అల్లుడి కాడ చెయ్యి జాపుతారా ఎవరన్నా?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

ఆ అల్లుడు దేవుని కడప వేంకటేశ్వరస్వామి. ఈ చుట్టరికం నిన్నా మొన్నటిది కాదు. సుల్తానులూ రాజులూ ఒకరి కోటలు ఒకరు పగలగొట్టుకుంటూ తీరిక లేకుండా ఉన్న రోజుల్లో, ఒక సుల్తాను సేన దోపిడీ సొమ్ముతోపాటు స్వామి విగ్రహాన్నీ ఎత్తుకుపోయిందట. సుల్తాను కూతురు దాన్ని బొమ్మ అనుకుని ఆడుకుంది. భక్తులు వచ్చి స్వామిని వెనక్కి తీసుకుపోతుంటే, ఆ పిల్ల కూడా వెంట బయలుదేరి మళ్ళీ పుట్టింటి గడప తొక్కలేదు. ఆమే బీబీ నాంచారమ్మ. దాంతో కడప ముస్లింలు ఆడపిల్ల తరఫు వాళ్ళయ్యారు. ఉగాది నాడు చింతపండు, బెల్లం, టెంకాయలు, పూలు పట్టుకుని గుడికి పోతారు. ఈ కథకు ఆధారాలు అంతంతమాత్రమని పండితులంటారు. చుట్టరికాలకు ఆధారాలు అడగడం మొదలుపెడితే పండితుల ఇళ్ళలోనూ సగం మంది వాకిట్లో నిలబడవలసి వస్తుంది.

రసూల్ ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. మొక్కడం వేరు, మర్యాద చెయ్యడం వేరు అన్నది ఆయన సిద్ధాంతం. స్వామికి ఆయన ఏనాడూ మొక్కలేదు, ఏమీ కోరలేదు. లోకమంతా కోరికలు మూటగట్టుకుని వెళ్ళే చోటికి ఆ ఇంటివాళ్ళు మాత్రం ఇచ్చి రావడానికే వెళతారు. పిల్లనిచ్చిన వాళ్ళ పౌరుషం అలాంటిది.

రాస్ తనూరా గదిలో ఆయనతోపాటు ఇంకో ఇద్దరున్నారు. భూషణం ప్రొద్దుటూరు నుంచి వచ్చిన వెల్డరు. అబ్దుల్ ఘనీ హైదరాబాదీ. కాంట్రాక్టరు ఆఫీసులో కాగితాలు నడిపే గుమాస్తా. ఇద్దరూ మంచివాళ్ళే. కాకపోతే ఇద్దరి ఫోన్లలోకీ చరిత్ర చొరబడింది. డ్యూటీ దిగి స్నానాలు కాగానే గదిలో మధ్యయుగం మొదలయ్యేది. భూషణం ఒక వీడియోలో కూలిన గుడిని చూపించేవాడు. ఘనీ ఇంకో వీడియోలోంచి గుడికి మాన్యం రాసిచ్చిన నవాబును రంగంలోకి దింపేవాడు. రసూల్ మధ్యలో కూర్చుని ఉల్లిపాయలు తరిగేవాడు. ఏ వంశం అంతరించినా రాత్రికి కూర ఉండాలి కదా.

"మీవోళ్ళు విగ్రహం ఎత్తుకపోయినారని మన రసూలన్నే చెప్తాండాడు గదా!" అనేవాడు భూషణం.

"కిస్సా అది భాయ్. గసొంటి బీబీ ఎవ్వరు లేరు. ఏ హిస్టరీ కితాబ్‌ల ఉన్నదో చూపెట్టు."

"బీబీ లేదంటే మరి దోపిడీ కూడా ల్యాదంటావా?"

రసూల్ కత్తి పక్కన పెట్టేవాడు. "పెద్దోళ్ళు పెద్దోళ్ళు కొట్టుకున్న్యారు, పోయినారు. పిల్లనైతే ఇచ్చినాం గదా. ఇచ్చినాక పండక్కి సారె పంపకుండా ఉంటామా? రాండి, ఉప్పు సరిపోయిందేమో చూడండి."

చివరికి యోధులిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఆపైన సమస్త దౌత్యం రసూల్ మీదుగానే నడిచింది. "రసూలన్నా, ఆ చార్జరు ఇమ్మని చెప్పు ఆయప్పకు" అని, చార్జరు పక్కనే కూర్చున్న ఘనీకి బాగా వినబడేటట్టు భూషణం అనేవాడు.

అలాంటి రోజుల్లో కడప నుంచి రసూల్ తల్లి హుస్సేన్‌బీ ఫోను చేసింది. ఏటా సారె తీసుకుపోయేది ఆమే.

"మోకాళ్ళు లేవల్యాదు నాయినా. గుడికాడ లైన్లో నిలబడల్యాను" అంది.

కోడలు మాబున్నీ నెలలు నిండి పుట్టింట్లో ఉంది. రసూల్ తమ్ముడు షాబాజ్ "మన దీన్‌లో, ఇస్లాంలో అట్లాంటిది ల్యాదు, నేను పోను" అని తేల్చేశాడు. రిఫైనరీలో షట్‌డౌన్ పనులు జరుగుతున్నాయి కాబట్టి రసూల్‌కు సెలవు దొరకదు. పక్కింటివాళ్ళతో పంపుదామంటే హుస్సేన్‌బీ ఒప్పుకోలేదు. వాళ్ళ సారె వాళ్ళది. మన ఇంటి తరఫున మన మనిషి నిలబడాల్సిందే.

"నేను బతికుండగానే ఆగిపాయనే" అని ఆమె ఏడ్చింది. "పండగ పూట బిడ్డ వాకిలి దిక్కు చూస్తా ఉంటాది. నాకు పుట్టిల్లు ల్యాదా అనుకోదా?"

ఆ మాట రసూల్‌ను పట్టుకుని వదల్లేదు. కూరలో రెండుసార్లు కారం వేశాడు. ఆ వారమే భూషణం సెలవు మీద ఇంటికి పోతున్నాడు. ప్రొద్దుటూరు నుంచి కడప ఎంత దూరం? ఉగాదికి మా ఇంటి సారె నువ్వు తీసుకుపోతావా అని రసూల్ అడిగాడు.

భూషణం నోట్లో ముద్ద ఆగింది. "నేనా? నేను ఆ పక్క మనిషినన్నా, అల్లుడి తరఫు. మీ సారె నేనెట్ల మోసేది?"

చాలా రోజుల తర్వాత ఘనీ మొదటిసారి నేరుగా భూషణంతో మాట్లాడాడు. "సహీ చెప్పినవ్. పోవద్దు. షిర్క్ అది, ఖుదాకు సాటి పెట్టుడు. బంద్ అయితేనే మంచిది."

"పోవద్దనేకి నువ్వెవరయ్యా?" భూషణం లేచి నిలబడ్డాడు. "మా కడప గుడి, మా రసూలన్న, నడమ నీదేంది? పోతా. పోయి తీరతా. అన్నా, టెంకాయలు ఎన్ని కావాల?"

మతసామరస్యం ఆ గదిలోకి ఈ విధంగా, మొండితనం వేషంలో ప్రవేశించింది.

ఇక మిగిలింది భూషణం హోదా. ఏ అధికారంతో అతను ఆడపిల్ల తరఫున నిలబడాలి? సౌదీలో ఉన్నవాళ్ళకు దీనికి జవాబు వెతుక్కోవలసిన పనిలేదు. పనికి తెచ్చుకున్న యజమాని, అంటే కఫీల్, తాను రాలేని ప్రతి పనికీ ఇంకొకరికి వకాలా ఇచ్చి పంపుతాడు. ఆ మనిషి చేసింది తాను చేసినట్టే.

"నీకు వకాలా ఇస్తాండా పో" అన్నాడు రసూల్.

ఘనీ కాసేపు ఓర్చుకున్నాడు. కానీ వృత్తిధర్మం ఊరుకోనివ్వలేదు. "గట్ల కాదు రసూల్ భాయ్. ఏ పని, ఏ రోజు, ఎక్కడ, అంతా చెప్పాలె. గవాలు ఉండాలె." ఈ పాపకార్యానికి తాను ఏ సాయమూ చేయబోనని మరొకసారి స్పష్టంగా ప్రకటించి, పక్క గదిలోంచి ఇద్దరు సాక్షులను తనే పిలుచుకొచ్చాడు. రసూల్ అందరి ముందూ నిలబడి తన ఇంటి సారెను భూషణం చేతికి అప్పగిస్తున్నట్టు పలికాడు. ఘనీ ఒక షరతు కలిపించాడు.

"వకాలా తీసుకున్న వకీల్‌కు చెప్పు భాయ్, ఆడ సుల్తాన్ మీద గలీజ్ మాటలు మాట్లాడొద్దు. ఎంతైనా పిల్ల తండ్రి."

"సరేలే" అన్నాడు భూషణం, మింగుడు పడకపోయినా.

ఆ ఏడు అక్కడి ఉగాది, ఇక్కడి ఈదు ఒకే పొద్దున వచ్చాయి. నెలవంక సౌదీని ముందు కరుణించింది కాబట్టి కడపలో ఇంకా రంజాన్ రోజాలే నడుస్తున్నాయి. ఈద్ నమాజు నుంచి వచ్చి రసూల్ సేమియా కలుపుతూ పొయ్యి దగ్గరే ఫోను నిలబెట్టుకున్నాడు. ఘనీ కొత్త బట్టల్లో, ఫోను వైపు చూడనట్టు కూర్చుని చూస్తున్నాడు.

వీడియోలో భూషణం హుస్సేన్‌బీ ఇంటి నడవలో ఉన్నాడు. గుడి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మొహం కందిపోయి ఉంది.

"సారె ఇచ్చినానన్నా. కానీ లైన్లో నా ఎనకాల ఒకడు నిలబడి, 'సాయిబుల సారె యాడన్నా ఉంటాదా, అంతా కట్టుకథ' అన్న్యాడు. నేను ఊరకుంటానా? 'పిల్లనిచ్చినోళ్ళం మేము. మా సుల్తాను కూతురు మేడలన్నీ ఇడిసిపెట్టి వచ్చింది ఈ ఇంటికి. నువ్వు మొగపెళ్ళోళ్ళల్లో కూడా దూరపోడివి, నోర్మూసుకో' అంటి."

ఘనీ పరుపు మీంచి ఒక్క దూకున వచ్చాడు. "కట్టుకథనా? ఎవడు వాడు? ఇంకేమన్నవ్?"

"అంతే అన్న్యా గనీ బాయ్."

"తక్కువ అన్నవ్" అన్నాడు ఘనీ తీవ్రంగా.

ఇంతలో భూషణం చేతిలో ఫోను పక్కకు తిరిగి, మంచం మీద కాళ్ళు చాపుకున్న హుస్సేన్‌బీ కనిపించింది. ఆమెకు వాళ్ళ యుద్ధంతో పని లేదు.

"అదంతా సరే నాయినా. పిల్ల కనపడిందా?"

గుడిలో తోపులాట మధ్య భూషణానికి కనబడింది హారతి వెలుగు ఒక్కటే. అదీ రెప్పపాటు. గరిటె పట్టుకుని రసూల్ కదలకుండా నిలబడిపోయాడు. ఘనీ ఫోనుకు ఇంకా దగ్గరగా జరిగాడు.

"కనపడిందవ్వా" అన్నాడు భూషణం. "బాగుండాది. నువ్వు రాల్యాదేమని అడిగింది."

"మోకాళ్ళని చెప్పినావా?"

"చెప్పినా."

"నమ్మిందా?"

"నమ్మిందవ్వా. ఎక్కువ తిరగొద్దని చెప్పమనింది."

హుస్సేన్‌బీ కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత లోపలికి తిరిగి గట్టిగా కేకేసింది. "ఒరేయ్ షాబాజ్, చాప తీసకరా. మనకు రోజా గానీ ఈయప్పకేముంది? బిడ్డింటికి పోయొచ్చినాడు. అన్నం పెట్టు."

తెర అంచున తమ్ముడి చెయ్యి కనబడింది. చాప పరిచి, ఒక మూల ముడతపడితే దాన్ని కూడా సరిచేసి పోయింది.