నెట్టు వంతు

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ. మా నాయన, పెద్దనాయన కలిసి నా ఇంజినీరింగ్ సీటును ఎట్లా ముంచారో చెప్పకపోతే నాకు తిన్నది అరిగేట్టు లేదు.

మాది గట్టు మండలం. ఊరికి దూరంగా, వాగు ఇవతల చేన్లలో రెండే ఇళ్లు, మాదొకటి, పెద్దనాయనదొకటి. అన్నదమ్ములు వేరు పడ్డప్పుడు భూమి, గొడ్లు, ఆఖరికి నీళ్లు కాచుకునే గంగాళం కూడా పంచుకోవడానికి చూశారు. పంచడానికి వీలుకాక మిగిలింది బోరు. దానికి వంతులు పెట్టుకున్నారు. ఒక వారం పగలు వాళ్లది, రాత్రి మాది. సోమవారం వస్తే అటుది ఇటు అవుతుంది. ఒక ఏడు సీడు పత్తికి క్రాసింగు చేసే, అంటే విత్తనం కోసం పూతకు చేత్తో పుప్పొడి అద్దే రోజుల్లో కరెంటు పోయి, పెద్దనాయన వంతంతా ఉత్తగా పోయింది. ఆయన గెట్టు మీద నిలబడి, "తమ్మీ, ఒక్క తడి ఇయ్యిరా, పూత రాలుతుంది" అన్నాడు. నాయన పార భుజాన వేసుకుని, "వంతు వంతే అన్నా" అన్నాడు. పూత రాలింది. ఈ సంగతి నాయన చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. న్యాయమంటే అట్లా ఉండాలట.

తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. ఇంత దూరం ఒక్క తీగే లాగుతానన్నాడు కేబులాయన. అది పెద్దనాయన ఇంటికి పోయింది. పెద్దనాయన కొడుకు, అంటే నాకు అన్న, గద్వాలలో మూతపడ్డ నెట్ సెంటర్ నుంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చి, దానికి ఇంకో నెట్‌వర్క్ కార్డు పెట్టి, సొంతంగా రౌటర్ చేశాడు. బయటి తీగ ఒక కార్డులోకి, మా రెండిళ్లు ఇంకో కార్డుకు. నడుమ ఫైర్‌వాల్. మన ఫోన్ నుంచి ఏది బయటికి పోవాలన్నా చిన్న చిన్న ముక్కలుగా పోతుంది, ప్యాకెట్లు అంటారు వాటిని. ఫైర్‌వాల్ ఒక్కో ప్యాకెట్‌ను ఆపి, ఎవరిదో చూసి, రాసిపెట్టిన రూళ్లను పైనుంచి కిందికి చదువుతుంది. పొమ్మనే రూలు లేకపోతే పారేస్తుంది. పారేశానని ఎవరికీ చెప్పను కూడా చెప్పదు.

ఇళ్లు రెండు, నెట్టు ఒకటి, ఇంక స్పీడు కోసం కొట్లాట మొదలైంది. "చెరి సగం జేస్త చిన్నాయనా, నిమిషం పని" అన్నాడు అన్న. నాయన ఒప్పుకుంటేగా! "సగం సగమంటే ఎవడెంత తాగిండో ఎవనికి తెల్సు? బోరుకున్నట్లనే వంతులు పెట్టు. వంతు లేనోడు ఒక్క చుక్క ముట్టొద్దు" అన్నాడు. నెట్టు కూడా కాలువలో పారే నీళ్లే అనుకున్నాడు మహానుభావుడు. పెద్దనాయనకూ అదే న్యాయంగా తోచింది. అన్న నవ్వుకుంటూ నెట్టులో ఒక్కో ఫోన్‌కు ఉండే అడ్రసు నంబర్లను ఇంటివారీగా వేరు చేసి, పొద్దున ఆరు, సాయంత్రం ఆరు అని టైములు పెట్టి రూళ్లు రాశాడు.

నాకు ర్యాంకు వచ్చిన ఏడు కౌన్సెలింగ్ ఆఖరి విడత మిగిలింది. కాలేజీల పేర్లు పెట్టడానికి ఒకటే రోజు. పొద్దున తొమ్మిదికి తెరిచి సాయంత్రం అయిదుకు మూసేస్తారు. ఆ వారం పగలు పెద్దనాయన వాళ్ల వంతు. వాళ్లను అడగడం ఎందుకులే, పొద్దున బస్సుకు గట్టు పోయి నెట్ సెంటర్‌లో పెట్టుకుందామనుకున్నాను. తెల్లారేసరికి వాగు నిండుగా పారుతోంది. ఫోన్‌కు సిగ్నల్ అందాలన్నా వాగు దాటి గుట్ట ఎక్కవలసిందే. పెద్దనాయన ఇంటికి ఉరికాను.

అన్న రౌటర్ ముందే ఉన్నాడు. "జర ఆ రూలు తియ్యన్నా, పది నిమిషాలు చాలు" అన్నాను. వాడు కీబోర్డు మీద చెయ్యి వేశాడు కూడా. మంచం మీది నుంచి పెద్దనాయన, "ఆగురా. వాళ్ల నాయిన వచ్చి అడగాలె" అన్నాడు. పోనీ మీ ఫోన్‌లోనే పెట్టుకుంటానన్నాను. "మా ఫోనైనా వంతు మాదే గద బిడ్డా" అన్నాడు, ఎంత తియ్యగానో. పెద్దమ్మ నాకు చాయ్ పోసింది. అన్న మాత్రం తెర నా వైపు తిప్పి, "చూడు చెల్లె, గివన్ని నీ ఫోన్‌వే, ఎట్ల పడిపోతున్నయో" అన్నాడు. వరసలు వరసలుగా కదులుతున్నాయి, ప్రతి వరస చివర డ్రాప్, డ్రాప్. నా చదువు నా కళ్ల ముందే చస్తుంటే వాడు తన పనితనం చూపించి మురిసిపోతున్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

ఇంటికి వస్తే నాయన అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. "నాయినా, పెద్దనాయినను ఒక్క మాట అడుగు" అన్నాను.

"వంతు గానిది అడుగుతే రేపు వాడొచ్చి బోరు అడుగుతడు."

"అడిగితే ఇయ్యి! నీళ్లు పెద్దయా, నేనా?"

ఆయన పగ్గానికి ఇంకో పేట కలిపాడు. అమ్మ బతిమిలాడింది. "సీటు ఈ ఏడు గాకుంటె వచ్చే ఏడు వస్తది. మాట పోతే వస్తదా?" అన్నాడు. పోనీ నేనే పోయి అడుగుతానని అమ్మ చెప్పులు వేసుకుంది. "గడప దాటినవంటే మల్ల రాకు" అన్నాడు, పగ్గం మీది నుంచి చెయ్యి తియ్యకుండానే. అమ్మ చెప్పులు విప్పింది. విప్పినందుకు ఆమె మీద కూడా నాకు అసహ్యం వేసింది.

అడుగులు వేస్తే పట్టుమని యాభై ఉండవు రెండిళ్ల మధ్య. అటువైపు ఒకాయన అడిగించుకోవడానికి కూర్చున్నాడు, ఇటువైపు ఒకాయన అడగకుండా కూర్చున్నాడు. నేను మధ్యలో వాకిట్లో కూర్చుని, తెరుచుకోని పేజీని మళ్లీ మళ్లీ తెరుస్తూనే ఉన్నాను. అయిదు అయింది. అయిపోయింది. ఏడుపు రాలేదు, ఇద్దరూ ఒక్కసారే చావాలని మాత్రం అనుకున్నాను.

ఆరు కాగానే ఫోన్‌లో ఒకటే మోతగా మెసేజ్‌లు పడ్డాయి. పేజీ తెరుచుకుంది. గడువు ముగిసిందని చక్కటి తెలుగులో రాసి ఉంది.

నాయన చేతులు దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "వచ్చిందా నెట్టు?"

"వచ్చింది."

"చూసినవా బిడ్డా," అన్నాడు, మొహమంతా సంతోషంతో. "ఎవ్వని కాళ్లు పట్టుకోకుంటనే వచ్చింది."