అరవంలో అవసరం

మా చర్చి సేవా సంఘం బోర్డులో మొత్తం ఏడుగురం. చర్చి ఆంగ్లికన్ దొరలు కట్టిపోయింది. సంఘం మాత్రం మా వాళ్లు పెట్టిందే. దిక్కులేని ముసలివాళ్లకు సూళగిరి దాటినాక ఒక హోము నడుపుతాం. మూడు నెలలకు ఒకసారి హోసూరులో కూర్చుని, ప్రార్థన చేసి, టీ తాగి, తీర్మానాలు రాస్తాం. ఆరుగురు చదువుకున్నవాళ్లు. నన్నెందుకు తీసుకున్నారో నాకు తెలుసు. లిస్టులో పల్లెటూరి ఆడమనిషి ఒకతె ఉండాల. హోము చూసుకునే పని కూడా నాకే ఇచ్చినారు. మిగిలినవాళ్లకు ఆ వాసన పడదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటినాక. చర్చి వెనక రేకుల షెడ్డులో ఆదివారం క్లాసు పెడితే పోయినాను. ఈ జిల్లాలో క్లాసంటే అరవమే. ఇంట్లో పుట్టినప్పటినుంచి తెలుగు, చేతికొచ్చిన అక్షరాలు అరవం. బస్సు బోర్డు మొదటిసారి నేనే చదువుకున్న రోజు, ఎక్కాల్సిన బస్సు వదిలేసి ఇంకో రెండు బస్సుల బోర్డులు చదివినాను. అంత పొగరు ఎక్కింది.

ఆ పొగరుతోనే ఒక రూలు పెట్టించినాను. హోములో నర్సు ధర్మపురి దిక్కు పిల్ల, తెలుగు రాదు. మంచి పనిమంతురాలు. ముందంతా ఏమున్నా నాకు ఫోన్ చేసి చెప్పేది. ఒకసారి చెప్పినానని ఆమె, చెప్పలేదని నేను, మాటా మాటా వచ్చింది. బోర్డులో లేచి, ఇకమీదట ఏదైనా కాగితం మీద రాసి ఫొటో పంపాల, నేను చదివి జవాబు రాస్తాను, అది లేకుండా ఎవరినీ ఆసుపత్రికి కూడా కదపకూడదు అన్నాను. సెక్రటరీ రిటైరయిన హెడ్మాస్టరు. "మన అక్క ఆఫీసరయిపోయింది" అని నవ్వినాడు. తీర్మానం అయిపోయింది.

హోములో ఒక గొర్రెలకాపరి ముసలామె ఉండేది. కొండల్లో తిరిగిన కాళ్లు, ఒకచోట నిలిచేవి కావు. నేను మా ఊరు జూజువాడి నుంచి నెలకొకసారి పోతే గేటు దగ్గరే ఎదురొచ్చేది. "రామ్మా సంఘమా, ఈ నెల ఏం తీర్మానం తెచ్చినావు?" అని ఎగతాళి చేసేది. షుగరు ఉండేది. చెప్పులు వేసుకోమంటే గొర్రెలు వేసుకుంటాయా అనేది.

ఒక శనివారం పొద్దున నర్సు పంపిన ఫొటో వచ్చింది. నేను అంగట్లో ఉన్నాను. పక్కకు నిలబడి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివినాను. ముసలామె పాదంలో పుండు, పెద్దాసుపత్రికి పంపాల అని రెండు లైన్లు. చివర ఒకే మాట, దాని కింద గీత గీసి: అవసరం.

అవసరమే, పంపాల్సిందే అనుకున్నాను. గురువారం బోర్డు ఉంది. హోముకు పరుపులు అవసరం, బోరుకు మోటరు అవసరం, ఇది కూడా అందులో చెబుదామని 'బోర్డులో పెడతాను' అని రాసి పంపినాను. తప్పుల్లేకుండా రాసినానా అని రెండుసార్లు చూసుకున్నాను కూడా.

అరవంలో ఆ మాటకు అర్థం తొందర. ఆలస్యం చేయొద్దు అని. ఇది నాకు తెలియక కాదు. సంతలో, బస్సులో అరవం మాట్లాడే పెరిగినాను. నర్సు నోటితో అని ఉంటే సగం మాటకే లేచి పరిగెత్తేదాన్ని. కాగితానికి గొంతు లేదు. నేను చదివేటప్పుడు లోపల పలికే గొంతు తెలుగుది. అది దాని అర్థమే చెప్పింది.

నర్సు మూడు రోజులు చూసింది. రాతలో జవాబు వచ్చింది, రూలు ఉంది, ఏం చేస్తుంది. మంగళవారం ముసలామెకు జ్వరం వచ్చి మాట తడబడితే, రూలు పక్కన పెట్టి ఆమే కృష్ణగిరికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు, శనివారమే వచ్చుంటే వేలుతో పోయుండేదన్నాడంట. మోకాలి పైదాకా కాలు తీసేసినారు.

గురువారం బోర్డు జరిగింది. సెక్రటరీ పెన్ను తీసి, "సమాచారం అందడంలో ఆలస్యం అని రాస్తాను" అన్నాడు.

"సమాచారం అందింది సార్. రాసిన పొద్దునే అందింది. నేను తప్పు చదివినాను" అన్నాను.

"ఆ నర్సు ఇంకోసారి రాసుండొచ్చు గదమ్మా," అన్నాడు ఫ్యాక్టరీ మేనేజరు మెంబరు. "ఆమెకు ఒక మెమో ఇచ్చేస్తే సరిపోతుంది."

"ఇస్తే నాకియ్యప్పా. చదివి పెట్టేవాళ్లను కూడా ఇయ్యి."

ఎవరూ నవ్వలేదు. నేను తప్పుకుంటానన్నాను. బోర్డులో ఉన్న పాస్టరు అయ్యగారు ప్రార్థన చేద్దాం అన్నాడు. ప్రార్థన అయినాక ఇంకో విషయానికి పోయినారు. మెమో మాట ఎత్తలేదు, నా రాజీనామా మాటా ఎత్తలేదు. నా బదులు ఇంకో పల్లెటూరి ఆడమనిషిని వెతకాల గదా.

ముసలామెను హోముకు తెచ్చినాక పోయినాను. గేటు దగ్గర ఎవరూ లేరు. మంచం పక్కన కూర్చుని, దాచకుండా అంతా చెప్పినాను. కాగితం, ఆ మాట, నేను రాసిన జవాబు. ఆమె కళ్లు మూసుకునే వినింది.

"అవసరం అని చదివితివా," అనింది. "సరిగానే చదివినావు లేమ్మా. కాలు నాకు అవసరమే."

ఆమె కళ్లు తెరిచింది.

"ముందు ఫోన్లో చెప్తా ఉండె గదా ఆ పిల్ల. ఎవురు నిలిపింది?"

"నేనే."

ఆమె దొడ్డికి పోవాలంది. లేపుదామని చెయ్యి చాపినాను. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. తలుపు దిక్కు తిరిగి, వచ్చిన రెండు అరవం మాటల్లో నర్సును పిలిచింది. నర్సు వచ్చేదాకా నేను చెయ్యి వెనక్కు తీసుకోలేదు. నర్సు వచ్చి, కొంచెం జరగండమ్మా అని అరవంలో అనింది. జరిగినాను.